శ్రీశైలం నడక: మన్ననూరు దాకా ఒక మూట, మన్ననూరు దాటితే ఇంకో మూట

పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి శ్రీశైలం నడిచి పోదామని నలుగురు కూడితే మొదటి చాయ్ తాగేలోపే మూడు పార్టీలవుతాయి. "కండువా భుజాన వేసుకుని పోదాం, దారిలో దొరకనిదేముంది" అనేది ఉత్తచేతుల పార్టీ. స్టవ్వు, గిన్నెలు, రెండు చెద్దర్లు, వారానికి సరిపడా బట్టలు అంటూ కాగితం నింపేది మూట పార్టీ. "ట్రాలీ ఆటో మాట్లాడితే ఇదంతా ఎందుకు" అనేది బండి పార్టీ. ఆ తర్వాత బూట్లా ఉత్తకాళ్లా, ముందు నుంచి సాధన చేయాలా వద్దా అని ఇంకో రెండు పంచాయితీలు లేస్తాయి.

ఇవి తెగకపోవడానికి కారణం ఒకటే. అందరూ దీన్ని ఒకటే దారి అనుకుంటారు. అచ్చంపేట దాటి మన్ననూరు దాకా ఉన్నది ఊర్ల దారి, ఆ తర్వాత ఉన్నది అడవి దారి. ఊర్ల దారిలో ఉత్తచేతుల పార్టీ మాటే రైటు. అడవిలో మూట పార్టీ మాట రైటు. మీరు ఏ పార్టీ అయినా మన్ననూరులో పార్టీ మారాల్సిందే. ఇక్కడ చెప్పేదంతా ఆ లెక్కలోనే ఉంటుంది.

1. ముందు దారిని ముక్కలు చేయండి

మహబూబ్‌నగర్, బిజినేపల్లి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట, డ్యాం, సున్నిపెంట, శ్రీశైలం. ఎక్కడ అడుగు మొదలుపెడతారన్నదాన్ని బట్టి 170 నుంచి 190 కిలోమీటర్లు వస్తుంది. నల్లగొండ వాళ్లయితే దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం హైవే ఎక్కుతారు.

ఒక్కో ముక్కకు నాలుగు ప్రశ్నలు రాసుకోండి. తర్వాతి నీళ్లు ఎక్కడ? తర్వాతి తిండి ఎక్కడ? పడుకునేది ఎక్కడ? మందుల దుకాణం ఎక్కడ? మన్ననూరు దాకా ఈ నాలుగింటికీ జవాబు ఒకటి రెండు గంటల నడకలోనే దొరుకుతుంది. దాటాక 70 కిలోమీటర్ల పైచిలుకు అడవి దారి, అందులో ఎక్కువ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం, మధ్యలో వేళ్ల మీద లెక్కపెట్టే ఊర్లు. మందులు, బూట్ల లేసులు, బ్యాటరీలు కొనుక్కోవడానికి చివరి పెద్ద ఊరు అచ్చంపేట. "మన్ననూరులో చూసుకుందాంలే" అనుకోకండి.

రోజుకు 25 కిలోమీటర్ల చొప్పున వారం వేసుకోండి. గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తాం కదా, ఎనిమిది గంటలకు 40 అని గుణించేవాళ్లు ఉంటారు. కూర్చునే వేళ, బొబ్బలకు పట్టీ వేసుకునే వేళ, మధ్యాహ్నం ఎండకు ఆగే వేళ ఆ లెక్కలో ఉండవు.

2. పది వారాల సాధన, లేదా ఉత్త ధైర్యం

"నడుస్తుంటే నడకే నేర్పుతుంది" అనేది పాత సిద్ధాంతం, అందులో నిజం లేకపోలేదు. అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ అని సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట ఉంది. దాన్ని ఒకే విడతలో నడిచేవాళ్లకు ఐదు నుంచి ఏడు నెలలు పడుతుంది. అక్కడ చాలామంది పెద్ద సాధన లేకుండానే మొదలుపెట్టి, మొదటి మూడు వారాలు మెల్లగా నడిచి, దారిలోనే గట్టిపడతారు. వాళ్లకు మూడు వారాలంటే మొత్తంలో చిన్న ముక్క. మనది మొత్తమే ఏడు రోజులు. కాళ్లు గట్టిపడేలోపు గుడి వచ్చేస్తుంది, లేదంటే కాళ్లు మొరాయించి మధ్యలో బస్సు ఎక్కుతారు. ఇక్కడ సాధన పార్టీతో వాదించడానికేం లేదు.

వారానికి నాలుగు రోజులు ఐదారు కిలోమీటర్ల మామూలు నడక. దానికి తోడు ఆదివారం ఒక పెద్ద నడక: 8, 10, 12, మళ్లీ 9, ఆ తర్వాత 15, 18, 14. ప్రతి మూడు వారాలకు ఒకసారి తగ్గించింది పొరపాటున కాదు. కండరాలు త్వరగా కోలుకుంటాయి గానీ మోకాళ్ల, మడమల స్నాయువులకు (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లకు) టైం పడుతుంది. ఎనిమిదో వారంలో శనివారం 22, ఆదివారం 20 నడవండి. అసలు పరీక్ష ఈ రెండో రోజుదే. ఒక్కరోజు 30 కిలోమీటర్లు ఎవరైనా పంతానికి నడుస్తారు. తెల్లారి లేచి అవే కాళ్లతో మళ్లీ నడవగలరా అన్నదే శ్రీశైలం నడక. తొమ్మిదో వారం సగానికి తగ్గించి, పదో వారం కాళ్లు ఊరికే ఆడించండి.

గుట్టలు ఎక్కడం కంటే దిగడం ముఖ్యం. పాలమూరు వాళ్లకు మన్యంకొండ, కోయిల్‌కొండ ఖిల్లా ఉన్నాయి. నల్లగొండ వాళ్లకు దేవరకొండ ఖిల్లా, చెర్వుగట్టు, కొంచెం అవతల భువనగిరి ఖిల్లా. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే సాధన అయిందనిపిస్తుంది. తొడ కండరం సాగుతూ బరువు ఆపుకునేది దిగేటప్పుడే, రెండు రోజుల తర్వాత మెట్లు దిగనీయకుండా చేసేదీ అదే. ఈ నొప్పి ఇంటి దగ్గరే నాలుగైదుసార్లు అనుభవించి పోతే కృష్ణ ఒడ్డుకు దిగే ఘాట్‌లో మళ్లీ అంత రాదు.

3. మూట: ముందు తూకం, తర్వాత వాదం

మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, తీసుకుపోదామనుకున్న ప్రతిదీ దాని మీద పెట్టండి. వంటింటి తూకం మీద ఒక్కోటి పెట్టి గ్రాములు రాయండి. తూకం లేకుంటే కిరాణా కొట్టులో అడగండి, నవ్వుతారు, అయినా తూస్తారు. జీన్స్ ప్యాంటు ఒక్కటే 700 గ్రాముల దాకా వస్తుంది, తడిస్తే రెండు రోజులు ఆరదు, తొడలు ఒరుస్తుంది. ఒళ్లు తుడుచుకునే పెద్ద టవల్ అరకిలో ఉంటుంది. పలుచటి గంచా 150 గ్రాములు దాటదు, పైగా తలకు చుట్టొచ్చు, నీళ్లు వడకట్టొచ్చు, అన్నం మూట కట్టొచ్చు. గొంగడి గురించి పెద్దవాళ్లు గట్టిగా చెబుతారు. మంచులో తడిసినా వెచ్చదనం పోదన్న మాట నిజమే. కానీ ఒకసారి తూకం మీద పెట్టి చూడండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గదా, అడవి గట్టు మీద రాత్రిళ్లు మాత్రం అంత త్వరగా పోదు. ఉన్ని శాలువా, దాని కింద పరుచుకోవడానికి పలుచటి ప్లాస్టిక్ పట్టా ఉంటే సరిపోతుంది. చలి ఎక్కువగా నేలనుంచే వస్తుంది కాబట్టి పైన కప్పుకునేదానికంటే కింద పట్టాయే ముఖ్యం.

తేలిక మూట వాళ్లకు ఒక కొలత ఉంది. తిండి, నీళ్లు కాకుండా సంచితో సహా సామానంతా 4.5 కిలోల లోపు ఉండాలి. బయట పడుకునేవాళ్లకు టెంటుతో కలిపి వేసిన లెక్క అది. మీరు గుళ్లలో, బడి వరండాల్లో పడుకునేవాళ్లు, మూడు మూడున్నరకు మించకూడదు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అవ్వ ఇంట్లో కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని, కాన్వాసు బూట్లతో అపలాచియన్ ట్రెయిల్ మొత్తం ఒక్కతే నడిచింది. తేలిక పార్టీ వాళ్లు ఈమె పేరు చెప్పకుండా మాట ముగించరు. అయితే ఆమె పొలం పనులు చేసి, పదకొండుమంది పిల్లల్ని పెంచిన మనిషి. సంచి తేలికైతే సరిపోదు, ఒళ్లు ఆ తీరుగా ఉండాలి.

మన్ననూరు దాకా మోయాల్సింది ఇంతే: ఒక జత బట్టలు, గంచా, శాలువా, పట్టా, టార్చి, మందుల సంచి, సబ్బు ముక్క, ఫోను, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు (20,000ది బరువు దాదాపు రెట్టింపు, అవసరం లేదు), లీటరు నీళ్లు, పూటకు సరిపడా చిరుతిండి. మొత్తం నాలుగున్నర, ఐదు కిలోలు. శివరాత్రి ముందు రోజుల్లో దారిపొడుగునా అన్నదానాలు ఉంటాయి. వేరే నెలల్లో పోయేవాళ్లు వాటిని లెక్కలో వేసుకోకండి.

అడవి ముక్కకు కావలసినవి మహబూబ్‌నగర్ నుంచే మోయొద్దు. అచ్చంపేటలో కొనండి, లేదా ఒక డబ్బాలో పెట్టి ఆర్టీసీ కార్గోలో అచ్చంపేట బస్టాండుకు పంపండి. విదేశాల్లో పెద్ద కాలిబాటలు నడిచేవాళ్లు ముందున్న ఊర్ల పోస్టాఫీసులకు ఇట్లనే డబ్బాలు పంపుకుంటారు. వాళ్లు చేసే తప్పు మనమూ చేస్తాం: ఇంట్లో కూర్చుని పంపే డబ్బాలో అవసరానికి రెండింతలు నింపుతాం. కొట్టులో దొరికేది డబ్బాలో వద్దు. మీకు సరిపడే మందు, ఇంట్లో చేసిన పిండి, అలవాటైన రకం సాక్సు, వదులు చెప్పులు, అంతవరకే.

బండి పార్టీకి ఒక మాట. ట్రాలీ ఆటో ఉంటే ముసలివాళ్లకు, గిన్నెలకు మేలే. చిక్కు ఎక్కడొస్తుందంటే, బండి ఐదు కిలోమీటర్లు ముందుకు పోయి చెట్టు కింద ఆగుతుంది, మీ నీళ్లు అందులో ఉంటాయి. బండి ఉన్నా సరే లీటరు నీళ్లు, టార్చి, మందులు, కొంచెం డబ్బు ఎవరివి వాళ్ల ఒంటి మీదే ఉండాలి. అడవిలో ఎక్కడంటే అక్కడ బండి ఆపనీయరు, అది కూడా గుర్తుండాలి.

4. కాళ్లు

మొక్కు ఉండి ఉత్తకాళ్లతో నడిచేవాళ్లను బూట్లు వేసుకోమనడం మన పని కాదు. కానీ మొక్కుకు కూడా సాధన కావాలి. ఎనిమిది వారాల ముందు నుంచి రోజూ పొద్దుగాల పావుగంట మట్టి బాట మీద, తర్వాత తారు మీద మెల్లమెల్లగా పెంచండి. దీక్ష రోజునే చెప్పులు విడిచి 25 కిలోమీటర్లు నడిస్తే రెండో రోజుకు అరికాలు నీరుపట్టి కదలనీయదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా తారు మీద ఉత్తకాళ్లు పెట్టొద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఉత్తకాళ్ల మాట పూర్తిగా మరిచిపోండి. అరికాలిలో స్పర్శ తగ్గి ఉంటే ముల్లు దిగినా, కాలినా తెలియదు.

బూట్లు వేసుకునేవాళ్లు సాయంత్రం పూట కొనండి. నడిచిన కాళ్లు సాయంత్రానికి ఉబ్బుతాయి, ఏడు రోజులు నడిస్తే ఇంకా ఉబ్బుతాయి. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. తారు రోడ్డుకు మెత్తటి అడుగున్న మామూలు పరుగు బూట్లు చాలు, చీలమండ దాకా వచ్చే బరువైన ట్రెక్కింగ్ బూట్లు దండగ. కొన్న బూట్లతో బయలుదేరే ముందు 80 నుంచి 100 కిలోమీటర్లు నడిచి ఉండాలి. సాక్సు నూలువి వద్దు. నూలు చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, తడి చర్మం త్వరగా బొబ్బలెక్కుతుంది. సింథటిక్‌వో, సన్న ఉన్నివో మూడు జతలు పెట్టుకోండి.

బొబ్బ ఒక్కసారిగా రాదు. ముందు ఒకచోట వేడిగా, చురచురమని తెలుస్తుంది. అప్పుడే ఆగాలి. "ఆ మైలురాయి దాకా పోయి చూద్దాం" అన్నారంటే అక్కడికి బొబ్బ తయారు. సాక్సు విప్పి, చెమట తుడిచి, ఆరనిచ్చి, బట్ట పట్టీని అంచులు గుండ్రంగా కత్తిరించి ముడతలు లేకుండా అంటించండి. చదరంగా కత్తిరిస్తే మూలలు లేచి సాక్సుకు అంటుకుంటాయి. బొబ్బ అప్పటికే నిండి నొప్పి పెడుతుంటే, సూదిని స్పిరిట్‌తో తుడిచి, బొబ్బ అంచున కింది వైపు రెండు చిన్న రంధ్రాలు పెట్టి నీరు కారనివ్వండి. పైతోలు మాత్రం లాగొద్దు, కింది పచ్చి చర్మానికి అదే పట్టీ. ఎర్రగా పాకుతున్నా, చీము కనబడినా, జ్వరం వచ్చినా ఆ రోజుకు నడక ఆపి డాక్టరుకు చూపించండి.

తొడల మధ్య ఒరుపు గురించి ఎవరూ మాట్లాడరు గానీ, నడకను ఆపించే వాటిలో అదీ ఒకటి. పొద్దున్నే వాజిలిన్ రాసుకోండి, మధ్యాహ్నం కడిగి మళ్లీ రాసుకోండి.

5. తిండి, నీళ్లు

ఊర్ల దారిలో హోటల్లో తినండి, మోయకండి. అడవికి తినేదాన్ని బరువుతో లెక్కపెట్టాలి. 100 గ్రాముల పల్లీల్లో 560 కేలరీల దాకా ఉంటాయి, అటుకుల్లో 350. పల్లీలు పాలమూరు మనిషికి చెప్పాల్సిన పని లేదు. మనవాళ్లు తొలి ఏకాదశికి చేసే పేలాల పిండి నడిచేవాళ్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. పొయ్యి అక్కర్లేదు, నీళ్లు కలిపితే తిండి. 200 గ్రాముల పిండికి 100 గ్రాముల బెల్లం సరిపోతుంది. అయితే ఇంటి దగ్గరే కలపకండి. బెల్లం తేమ లాగి రెండో రోజుకు పిండి రాయిలా గడ్డకడుతుంది. రెండు పొట్లాలుగా పెట్టుకుని తినేటప్పుడు కలుపుకోండి, పొడిగా నోట్లో వేసుకుంటే పొలమారుతుంది. మక్తల్, నారాయణపేట వైపు చేసే కడక్ రొట్టె రోజుల తరబడి పాడవదు, పల్లిపొడితో బాగుంటుంది. రోజుకు 600, 700 గ్రాముల పొడి తిండి లెక్కన పెట్టుకోండి. స్టవ్వు వద్దు. బరువు సంగతి తర్వాత, ఎండాకాలం ముందు ఆకు రాలిన అడవిలో నిప్పు పెట్టడమే తప్పు.

నీళ్లు నడక గంటకు అరలీటరు, ఎండలో ఇంకొంచెం. అడవి ముక్కలో ఒక్కొక్కరి దగ్గర మూడు లీటర్లు ఉండాలి, అంటే మూడు కిలోలు. మూట పార్టీ మాట రైటని చెప్పింది ఇందుకే. బోరు నీళ్లయినా, చెలిమ నీళ్లయినా గంచాతో వడకట్టి, క్లోరిన్ మాత్ర వేసి, అరగంట ఆగి తాగండి. బురద నీళ్లలో మాత్ర సరిగా పనిచేయదు. నల్లగొండ వాళ్లు ఫ్లోరైడ్ గురించి అడుగుతారు: మాత్రతో అది పోదు, మరిగించినా పోదు. వారం నడకలో భయపడాల్సింది దానికి కాదు, విరేచనాలకు.

ఓఆర్ఎస్ పొట్లం లీటరుదైతే లీటరులోనే కలపాలి. గ్లాసులో పొట్లం అంతా వేసి తాగితే దాహం, విరేచనాలు పెరుగుతాయి. పొట్లం లేకుంటే లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల (టీస్పూన్ల) చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, చెంచాలు తలదన్నకుండా కోసినట్టు కొలవండి. ఉప్పేదీ లేకుండా వట్టి నీళ్లు ఆపకుండా తాగడమూ ప్రమాదమే.

6. మన్ననూరు దగ్గర పద్ధతి మార్చండి

ఇప్పటిదాకా నాలుగున్నరకు లేచి పది దాకా నడిచి, ఎండ తగ్గాక మళ్లీ నడిచారు. చీకటి నడక వాళ్లు ఊర్ల దారిలో రాత్రి కూడా నడుస్తారు. అడవిలో ఆ రెండూ చెల్లవు. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలే వదలరు. చిరుత, ఎలుగు తిరిగేది కూడా ఆ వేళలోనే. తెల్లవారి వెలుగు వచ్చాకే కదిలి, పొద్దు వాలకముందే ఊర్లో ఉండాలి. నడిచే గంటలు తగ్గుతాయి, మూట బరువు పెరుగుతుంది, అందుకే ఈ మూడు రోజులకు దూరం తక్కువ వేసుకోవాలి.

మన్ననూరులో అటవీశాఖ వాళ్లను ముందే అడగండి: నడిచి పోనిస్తారా, ఎక్కడ పడుకోవచ్చు. పోయినేడు ఉన్న నియమం ఈ ఏడు ఉంటుందని అనుకోవద్దు. వటవర్లపల్లి, దోమలపెంట రెండు మజిలీలు. వీటి మధ్యలో పడుకోవద్దు, రోడ్డు విడిచి అడ్డదారి పట్టొద్దు. పెంటలంటే చెంచుల గూడేలు, చూసిపోయే స్థలాలు కావు. వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు లోపలికి తీసుకుపోకండి. కోతులకు ఏమీ పెట్టకండి, చేతిలో కవరు కనబడితే చాలు గుంజుకుంటాయి. తిండి సంచి లోపలే ఉండాలి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి ఇంటివాళ్లకు మన్ననూరులోనే చెప్పేయండి.

రోడ్డుకు కుడివైపు, ఎదురుగా వచ్చే బండ్లు కనబడేటట్టు ఒకరి వెనక ఒకరు నడవండి. కుడివైపు గట్టిగా తిరిగే మలుపులో డ్రైవరుకు మీరు కనబడరు, అక్కడ ముందే అవతలి అంచుకు దాటి, మలుపు అయ్యాక తిరిగి రండి. గుంపులో అందరికంటే మెల్లగా నడిచే మనిషిని ముందు పెట్టండి. వెనక పెడితే ఆ మనిషికి ఆగే వేళే దొరకదు. ముందువాళ్లు ఆగి సేదతీరి, ఈయన రాగానే లేచిపోతారు.

7. ఘాట్ దిగడం

ఈగలపెంట దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణకు దిగుతుంది. ఇక్కడే గోళ్లు నల్లబడతాయి. దిగే ముందు లేసులు చీలమండ దగ్గర బిగించండి, వేళ్ల దగ్గర వదులుగా ఉంచండి, అప్పుడు పాదం ముందుకు జారి వేలు బూటుకు తగలదు. గోళ్లు రెండు రోజుల ముందే తిన్నగా కత్తిరించుకుని ఉండాలి. చిన్న అడుగులు వేయండి. చేతికర్ర మోచేయి లంబంగా వంగే ఎత్తు ఉంటుంది, దిగేటప్పుడు దాన్ని కొంచెం పొడుగ్గా పట్టుకుని ముందు కర్ర, తర్వాత కాలు. మోకాలి చిప్ప కింద పొడుస్తుంటే పక్కకు తిరిగి దిగండి.

వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు కాళ్లు తేలికైనట్టు అనిపించి చాలామంది ఉరుకుతారు. మధ్యాహ్నం అయితే ఆ ఎక్కుడు సగంలోనే వడదెబ్బ తగులుతుంది. మూత్రం ముదురు పసుపు అయితే నీడలో కూర్చుని ఓఆర్ఎస్ తాగండి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా నడిపించొద్దు. బట్టలు వదులు చేసి, నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. ఎముక మీద ఒకేచోట వేలు పెడితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే అది కండరం నొప్పి కాదు, అక్కడితో బస్సు ఎక్కండి.

గుడి దగ్గర క్యూలో నిలబడే గంటలు కూడా నడకలోవే. దర్శనానికి పోయే ముందు ఏదో ఒకటి తినండి. తిరుగు బస్సులో కాళ్లు ఇంకా ఉబ్బుతాయి, బూట్లు పట్టవు. వదులు చెప్పులు జత ఒకటి అచ్చంపేట డబ్బాలో పెట్టి ఉంచుకోండి.